బీజగణితమున 'లేదు' అను సమాధానము

"జవాబే లేని లెక్కను పుస్తకంల ఎందుకు పెడ్తరు సార్?"

ఈ ప్రశ్న వేసినవాడు కళాశాలలో బల్లమీద కూర్చుండి చదువుకొను పిల్లవాడు కాడు. సినిమా సెట్టులకు పనిచేయు వడ్రంగి. బోరబండలో మా వీధి చివర ఒక గదిలో అద్దెకుండును. పాలమూరు వైపునుండి వచ్చినవాడు. ఇంటర్మీడియెటు చదివి విడిచిన ఏడేండ్లకు మరల పుస్తకము పట్టినాడు. నేను గణితోపాధ్యాయునిగా పనిచేసి విరమించినవాడనని ఎవరో చెప్పగా, ఒకనాటి సాయంకాలము రంపపుపొట్టు అంటిన చొక్కాతోనే మా అరుగుమీదికి వచ్చి కూర్చున్నాడు. చేతిలో బీజగణిత పుస్తకము. తెరచి చూపిన పుటలో ఒక వర్గ సమీకరణమున్నది. దాని క్రింద, 'వాస్తవ మూలములు లేవు' అని ఉన్నది. ఆ మాటే అతనికి కోపము తెప్పించినది.

బోరబండనుండి దక్షిణముగా యూసుఫ్‌గూడ, కృష్ణానగరముల మీదుగా పోయినచో జూబిలీహిల్సు కొండలు వచ్చును. వాని ఆవలి వైపున ఫిలింనగరము. మనము తెరమీద చూచి ముచ్చటపడు రాజమందిరములును, న్యాయస్థానములును, పల్లెటూరి లోగిళ్ళును ఎన్నో ఈ ప్రాంతపు స్టూడియోలలో రీపర్లతోను ప్లైవుడ్డుతోను నిలబెట్టినవే. వానిని నిలబెట్టు చేతులు బోరబండ, కృష్ణానగరము వంటి పేటలలో కాపురముండును. ఆ చేతులలో కొన్నింటికి పుస్తకము పట్టు అవకాశమును కల్పించిన సంస్థ కూడ ఆ కొండలమీదనే ఉన్నది. అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమను పేరుతో, మన దేశమున మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయముగా ఇది వెలసినది. ఆచార్య జి. రాంరెడ్డి తొలి ఉపాధ్యక్షులు. 1991లో అంబేద్కరు పేరు పెట్టినారు. పగలు పని చేసికొనువారు ఇంటివద్ద చదువుకొనుటకై తెలుగులోనే పాఠ్యగ్రంథములు వ్రాయించి ఇచ్చుట దీని తొలినాటి సంకల్పములలో ఒకటి. మన వడ్రంగి అక్కడి విద్యార్థియే. ఆదివారము తరగతికి పోయినచో ఆనాటి కూలి పోవును. కూలి పోగొట్టుకొని వచ్చి నేర్చుకొనునది 'లేదు' అను మాటయేనా అని అతని బాధ.

అతని కోపము న్యాయమైనదని నాకు తోచినది. పుస్తకమును ప్రక్కన పెట్టి అతని పనిలోనుండియే ఒక లెక్క ఇచ్చితిని. "నీయొద్ద ఇరువది అడుగుల రీపరున్నది. దానిని కోసి నాలుగు ప్రక్కల కిటికీ చట్రము చేయవలెను. లోపలి వైశాల్యము ఇరువదినాలుగు చదరపుటడుగులు రావలెను. ఎట్లు కోయుదువు?"

"ఆరు, నాలుగు" అన్నాడు, ఆలోచింపకయే.

"ఇరువదియైదు రావలెనన్నచో?"

"అయిదు, అయిదు. చదరం."

"నలుబది?"

అతడు నవ్వినాడు. "యాడొస్తది సార్? ఇంకో రీపరు తేవాలె."

చూడుడు, అతడు కూడ 'లేదు' అనియే చెప్పినాడు! కాని ఆ మాటకు అతనికి కోపము రాలేదు. తన 'లేదు' వెనుక తన అనుభవమున్నది. పుస్తకములోని 'లేదు' వెనుక ఏమున్నదో ఎవరును అతనికి చూపలేదు. ఉపాధ్యాయులమైన మనలో చాలమంది చేయు పొరపాటు ఇక్కడనే ఉన్నదని నా నమ్మకము. ఉన్న జవాబును రాబట్టు సూత్రమును మనము పదిమారులు వల్లింపజేయుదుము. జవాబు లేనప్పుడు, ఎందుకు లేదో చెప్పుటకు మనకు తీరిక చాలదు.

కిటికీ చుట్టుకొలత ఇరువది అడుగులు కాబట్టి వెడల్పును ఎత్తును కలిపి పది. రెండును సమానమైనచో చెరి అయిదు. వెడల్పు అయిదుకంటె ఎంత పెరిగిన, ఎత్తు అంత తరుగును. అట్లు పెరిగి తరిగిన మొత్తమును ఒక అక్షరముతో పిలుతము: 'య' అందము. అప్పుడు వైశాల్యము అయిదు కూడిక య, అయిదు తీసివేత య, ఈ రెండింటి లబ్ధము. అనగా 25 − య². వర్గమెన్నడును ఋణము కాదు గదా! కాబట్టి వైశాల్యము ఇరువదియైదును మించదు. నలుబది కావలెనన్నచో య² విలువ −15 కావలెను. పుస్తకములో విచక్షణి అని పిలుచునది ఈ సంగతినే ఒక్క సంఖ్యలో చెప్పును: 24 కొరకు 100 − 96, అనగా 4, ధనము, రెండు వేర్వేరు మూలములు, 25 కొరకు సున్న, ఒకే మూలము, 40 కొరకు 100 − 160, అనగా −60, వాస్తవ మూలము లేదు. 'విచక్షణి' యని ఈ పారిభాషిక పదమును కూర్చినవారెవరో గాని వారికి నమస్కారము. మంచిచెడ్డలు వేరుచేసి చెప్పునది అని తెలుగు వచ్చినవానికి వెంటనే స్ఫురించును.

వడ్రంగి 'లేదు' తాను చేసిన కిటికీలనుండి వచ్చినది. బీజగణితపు 'లేదు' ఇంతవరకు ఎవరును చేయని కిటికీలకు, ఇకముందు చేయబోవు కిటికీలకు, భిన్నములలో కోసిన కిటికీలకు, అన్నింటికిని చెల్లును. కళాశాలలో నేర్చు బీజగణితమునకును, బడిలో నేర్చు లెక్కలకును ఉన్న తేడా ఇదియే. బడిలో 'జవాబు ఎంత?' అని అడుగుదుము. కళాశాలలో 'ఏ ప్రశ్నకు జవాబుండును, దేనికి ఉండదు?' అని అడుగవలెను.

మన ఇంటర్మీడియెటు పాఠ్యప్రణాళికలో ప్రమేయములు, గణితానుగమనము, మాత్రికలు, సంకీర్ణ సంఖ్యలు, డిమోయర్ సిద్ధాంతము, వర్గ సమాసములు, సమీకరణ వాదము, ప్రస్తారములు, సంయోగములు, ద్విపద సిద్ధాంతము, పాక్షిక భిన్నములు ఉన్నవి. డిగ్రీలో సమూహములు, వలయములు, సదిశాంతరాళములు వచ్చును. పట్టిక చదివినవానికి సంతలో సామాను పరచినట్లుండును. కాని ఈ 'లేదు' అను దారము పట్టుకొని పోయినచో వీనిలో ముఖ్యమైనవి వరుసగా చేతికి వచ్చును.

మొదట, తెలియనిదానికి పేరు పెట్టుటను గూర్చి ఒక మాట. 'య' అనుట నా కల్పన కాదు. మన ప్రాచీన గణితజ్ఞులు అవ్యక్త రాశిని 'యావత్తావత్' అని పిలిచి, 'యా' అను మొదటి అక్షరముతో సూచించెడివారు. అవ్యక్తములు పెక్కైనచో వానికి రంగుల పేర్లు: కాలకము, నీలకము, పీతకము, లోహితకము. 1150 ప్రాంతమున భాస్కరాచార్యుడు వ్రాసిన బీజగణితములో ఈ పద్ధతియే ఉన్నది. బాగ్దాదులో 820 ప్రాంతమున అల్ ఖ్వారిజ్మీ వ్రాసిన గ్రంథపు పేరులోని 'అల్‌జబ్ర్' అను మాటనుండి ఆల్జీబ్రా వచ్చినది. తీసివేతగా నున్నదానిని ఆవలి వైపునకు చేర్చి సరిపుచ్చుట అని దాని భావము. విరిగిన ఎముకను సరిచేయుటకు కూడ అరబ్బీలో అదే మాట! 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున దాదాపు మూడు దశాబ్దములు ఉర్దూలోనే గణితము బోధించినారు. ఆ భాషలో ఈ శాస్త్రమునకు 'జబ్ర్ వ ముకాబలా' అని పేరు. 1968లో తెలుగు అకాడమి ఏర్పడిన తరువాత కళాశాల విద్యార్థికి తెలుగు పుస్తకము చేతికి వచ్చినది. ఒకే నగరమున ఒకే శాస్త్రమునకు మూడు పేర్లు వాడుకలోనుండుట ఎల్లచోట్ల కానరాదు.

తెలుగులో గణితము మాత్రము అకాడమితో మొదలు కాలేదు. 11వ శతాబ్దివాడని సాధారణముగా చెప్పబడు పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితసారసంగ్రహమును పద్యములలో తెనిగించినాడు. అందు చదరంగపు గడుల లెక్క యున్నది: మొదటి గడిలో ఒకటి, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులును రెట్టింపుగా నింపినచో మొత్తమెంత? ఇరువది అంకెల ఆ సంఖ్యను మల్లన ఒక్క పద్యములో ఇమిడ్చినాడు. చంద్రుడన్న ఒకటి, వేదములన్న నాలుగు, శరములన్న అయిదు, ఆకాశమన్న సున్న. ఒకట్ల స్థానమునుండి చదువుకొనుచు పోయినచో 1,84,46,74,40,73,70,95,51,615 తప్పక వచ్చును. వేయి యేండ్లనాటి తెలుగు పద్యములో ఒక్క అంకెయు జారలేదు. విద్యార్థులు సరిచూచుకొనవచ్చును.

అరువదినాలుగు సంఖ్యలను వేర్వేరుగా కూడనక్కరలేదు. మొత్తమును 'య' అందము. దానిని రెట్టించినచో మొదటి ఒకటి పోయి, చివర క్రొత్తగా 2 యొక్క 64వ ఘాతము చేరును. నడుమ నున్నవన్నియు మరల అవియే. రెట్టించినదానినుండి మొదటిదానిని తీసివేసినచో మిగిలినది 'య'. అది 2 యొక్క 64వ ఘాతమునకు ఒకటి తక్కువ. తెలియనిదానిని తెలిసినట్లే పట్టుకొని పని చేయించుకొనుట బీజగణితపు మొదటి విద్య. మా వడ్రంగి దీనిని వినగానే, "ఉన్నదో లేదో తెల్వకుంటనే పేరు పెట్టి పని చేపిస్తున్నమన్నమాట" అన్నాడు. అతడు హాస్యమునకే అన్నను, తరువాతి కథయంతయు ఆ మాటలోనే ఉన్నది.

మల్లన తెనిగించిన గ్రంథకర్త మహావీరుడు రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్షుని కాలమున, 850 ప్రాంతమున ఉన్నవాడు. ఏ సంఖ్యయైనను తనతో తాను గుణించుకొన్నచో ధనమే వచ్చును, కాబట్టి ఋణరాశి వర్గము కాజాలదు, కాబట్టి దానికి వర్గమూలము లేదని అతడు స్పష్టముగా చెప్పినాడు. మన కిటికీ లెక్కకు అతని తీర్పు అదియే. తర్కమున లోపము లేదు. అయినను ఇంటర్మీడియెటు రెండవ సంవత్సరమున మన పిల్లలు మొదట నేర్చునది ఋణరాశి వర్గమూలమునే! మహావీరుడు తప్పు చెప్పినాడా?

ఇటలీలో కార్డానో 1545లో వెలువరించిన గ్రంథమున ఒక ప్రశ్న వేసికొన్నాడు: పదిని రెండు భాగములు చేసి వాని లబ్ధము నలుబది వచ్చునట్లు చేయవలెను. మన కిటికీయే! అయిదునకు −15 యొక్క మూలమును కూడినది ఒకటి, తీసివేసినది ఒకటి అని అతడు వ్రాసినాడు. వాని మొత్తము పది. లబ్ధము 25 కూడిక 15, నలుబది. లెక్క కుదిరినది, కాని ఇది సూక్ష్మమే గాని నిష్ప్రయోజనమని అతడే తీసిపారవేసినాడు. నిష్ప్రయోజనము కాదని 1572లో బొంబెల్లి చూపినాడు. య³ = 15య + 4 అను సమీకరణమునకు 4 మూలమని ఎవరైనను సరిచూడవచ్చును: 64 = 60 + 4. కాని కార్డానో సూత్రమును దీనికి ప్రయోగించినచో నడుమ −121 యొక్క మూలము వచ్చి కూర్చుండును. బొంబెల్లి జంకక ఆ 'లేని' సంఖ్యలతోనే గుణకారములు చేసికొనుచు పోగా, అవి తుదకు ఒకదానినొకటి కొట్టివేసికొని 4 మిగిలినది. ఉన్న జవాబును చేరుటకు లేని సంఖ్యల మీదుగా పోవలసివచ్చినది.

అవి ఎక్కడ ఉన్నవి? 1797లో వెస్సెల్, 1806లో ఆర్గాండ్ ఒక చక్కని సమాధానమిచ్చినారు. దానిని మా వడ్రంగికి అతని మూలమట్టముతోనే చెప్పితిని. గీతమీద కుడివైపున ఒకటి యున్నది. దానిని −1తో గుణించినచో ఎడమవైపునకు పోవును, అనగా సగము చుట్టు తిరిగినది. రెండుమారులు చేసినచో సగము చుట్టు రావలెనన్న, ఒక్కమారు ఎంత తిరుగవలెను? అతడు మూలమట్టము మూలను వ్రేలితో తాకి చూపినాడు. అంతియే. −1 యొక్క వర్గమూలము గీతమీద లేదు. గీతకు లంబముగా పైన ఉన్నది. మహావీరుడు గీతమీద వెదకి లేదన్నాడు. అతని మాట నేటికిని సత్యమే. తరువాతివారు గీతను విడిచి తలమునకు వచ్చినారు. డిమోయర్ సిద్ధాంతమును ఈ తిరుగుడుగా చూపినచో పిల్లలకు కంఠస్థము చేయు పని తప్పును. నేను ఉద్యోగము చేసిన కాలమున చాలయేండ్లు అట్లు చూపలేదని ఇక్కడ ఒప్పుకొనుచున్నాను. నేటి విద్యుచ్ఛాస్త్రమున ఏకాంతర ప్రవాహపు లెక్కలన్నియు ఈ సంఖ్యలతోనే సాగును. కాని నలుబది చదరపుటడుగుల కిటికీ మాత్రము నేటికిని రాదు. ఏ ప్రశ్నకు ఏ సంఖ్యలలో జవాబు వెదకుచున్నామో ముందు చెప్పుకొనవలెను.

మరియొక 'లేదు' మాత్రికలలో వచ్చును. దీనికి చాయ దుకాణము చాలును. మొదటినాడు రెండు చాయలకును మూడు ఉస్మానియా బిస్కత్తులకును 55 రూపాయలైనది. రెండవనాడు నాలుగు చాయలు, ఆరు బిస్కత్తులు, 110 రూపాయలు. చాయ వెల ఎంత? చాయ 20, బిస్కత్తు 5 కావచ్చును. చాయ 17, బిస్కత్తు 7 కావచ్చును. చాయ 14, బిస్కత్తు 9 కూడ కావచ్చును. రెండవనాటి లెక్క మొదటినాటిదానినే రెట్టించి చెప్పినది గాని క్రొత్త సంగతి ఒక్కటియు చెప్పలేదు. పోనీ, రెండవనాడు 115 తీసికొన్నాడనుకొందము. అప్పుడు ఏ వెలయు కుదరదు, దుకాణదారు లెక్క తప్పినాడనియే అర్థము. ఒకచోట జవాబులు కోకొల్లలు, మరియొకచోట శూన్యము. కాని రెండింటికిని నిర్ధారకము ఒకటే: రెండార్లు పన్నెండు, మూడునాలుగులు పన్నెండు, తేడా సున్న. నిర్ధారకము సున్నయైనచో మాత్రికకు విలోమము లేదని పుస్తకము చెప్పి ముగించును. విద్యార్థియు అక్కడ కలము మూయును.

కలము మూయని తెలుగువాడొకడున్నాడు. ఆయన కల్యంపూడి రాధాకృష్ణారావు. 1920లో హూవిన హడగలిలో జన్మించి, వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున 1940లో ఎం.ఏ. పూర్తిచేసి కలకత్తా చేరిన ఆ యువకుడు, కొలతలనుండి వచ్చిన సమీకరణములను సాధించు పనిలో, విలోమము లేని మాత్రికలను మాటిమాటికి ఎదుర్కొన్నాడు. గణాంకశాస్త్రమున అట్టివి అరుదు కావు. కొలిచినవానిలో ఒకటి మరియొకదానిని తిరిగి చెప్పుచుండును, మన చాయ లెక్కవలె. విలోమము లేకున్నను విలోమము చేయు పనిలో కొంతయైనను చేయగల మాత్రిక ఏదియు లేదా అని ఆయన అడిగినాడు. 1955నాటి ఒక పత్రములో అట్టిదానిని వాడినాడు. 1962లో ఆ సిద్ధాంతమును విస్తరించినాడు. 1971లో సుజిత్ కుమార్ మిత్రతో కలిసి దానిమీద పూర్తి గ్రంథమే వెలువరించినాడు. దాని లక్షణము ఒక్క వాక్యములో చెప్పవచ్చును: ఇచ్చిన మాత్రికను రెండుచోట్ల వ్రాసి నడుమ ఈ క్రొత్తదానిని నిలిపి గుణించినచో, తిరిగి ఇచ్చిన మాత్రికయే రావలెను. సాధారణ విలోమము ఈ పరీక్షలో ఎట్లును నెగ్గును. విలోమము లేని మాత్రికకు కూడ ఈ పరీక్షలో నెగ్గునది ఎప్పుడును దొరకును. సమీకరణములకు జవాబున్నచో అన్ని జవాబులను దీనితో వ్రాయవచ్చును. అమెరికాలో మూర్ 1920లోనే, ఇంగ్లండులో పెన్రోజ్ 1955లో, ఈ దారిలోనే వేర్వేరుగా నడచినారు. కాని గణాంకశాస్త్రమునకు దీనిని పనిముట్టుగా చేసి ఇచ్చిన ఘనత చాలవరకు రావుగారిది. ఆయన 2023 ఆగస్టులో, నూటమూడవయేట దివంగతులైనారు. ఆయన పేర ఒక గణిత గణాంక పరిశోధన సంస్థ హైదరాబాదు విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఉన్నది. బోరబండ స్టేషనులో లింగంపల్లి వైపు రైలెక్కినచో ఆ వైపునకే పోవుదుము. నిర్ధారకము సున్న అని చెప్పునప్పుడు ఈ పేరు పిల్లలకు చెప్పుటకు ఉపాధ్యాయునికి రెండు నిమిషములు చాలును.

ఇక అన్నింటికంటె గట్టి 'లేదు'. వర్గ సమీకరణమునకు సూత్రమున్నది; మన శ్రీధరుడు చెప్పిన పద్ధతిని భాస్కరుడు పేర్కొని కాపాడినాడు. ఘన సమీకరణమునకును, నాలుగవ తరగతి సమీకరణమునకును 16వ శతాబ్దిలో ఇటలీవారు సూత్రములు కనుగొన్నారు. అయిదవ తరగతికి? రెండువందల యేండ్లకు పైగా ఐరోపాలోని ఉద్దండులు వెదకినారు. 1824లో నార్వే దేశపు యువకుడు ఏబెల్, సొంత డబ్బుతో అచ్చువేసికొన్న ఒక చిన్న పత్రములో, కూడిక, తీసివేత, గుణకారము, భాగహారము, మూలములు తీయుట అను వీనితో మాత్రమే కట్టిన సామాన్య సూత్రము అయిదవ తరగతికి లేదని నిరూపించినాడు. ఇరువదియారేండ్లకే క్షయతో కన్ను మూసినాడు. ఏ సమీకరణమునకు అట్టి సూత్రము పనిచేయును, దేనికి పనిచేయదు అను గుట్టును ఫ్రాన్సులో గాల్వా విప్పినాడు. అతడు 1832లో ద్వంద్వయుద్ధమున తగిలిన గుండుతో మరణించునప్పటికి ఇరువదేండ్లవాడు. ఈ విషయమును గూర్చిన అతని ముఖ్యమైన వ్రాత 1846లో గాని అచ్చు కాలేదు.

ఇక్కడ విద్యార్థి సాధారణముగా ఒక పొరపాటు పడును. అయిదవ తరగతి సమీకరణమునకు మూలమే లేదనుకొనును. అట్లు కాదు. య⁵ − య − 1 = 0 అను దానికి 1.1673కు సమీపమున మూలమున్నది; కావలసినన్ని దశాంశ స్థానములవరకు లెక్కించుకొనవచ్చును. మూలమున్నది; దానిని వర్గమూల ఘనమూలాదులతో వ్రాయు దారి లేదు. ఉనికి వేరు, చేరు దారి వేరు. ఈ భేదము బోధపడిన విద్యార్థికి బీజగణితము ఒంటబట్టినట్లే.

దారి ఎందుకు లేదు? మూలములను ఒకదాని స్థానమున ఒకటి నిలిపి తారుమారు చేయుటలో ఆ కారణమున్నది. మూడు మూలములను తారుమారు చేయు విధములు ఆరు, నాలుగింటికి ఇరువదినాలుగు, అయిదింటికి నూటయిరువది. ఇంటర్మీడియెటులో నేర్చిన ప్రస్తారములే ఇవి. ఆరింటిని, ఇరువదినాలుగింటిని మెట్లు మెట్లుగా విడదీయవచ్చును. ఒక్కొక్క మెట్టునకు ఒక్కొక్క మూలము తీయుట సరిపోవును. నూటయిరువదిని విడదీయబోయినచో అరువదివద్ద చిక్కువడును. ఆ అరువదింటి ముద్ద ఇక విడదు. డిగ్రీలో 'సమూహము' అని చెప్పునది ఈ తారుమారుల కుటుంబమునే. సంవృత ధర్మము, సాహచర్య ధర్మము, తత్సమాంశము, విలోమము అని నాలుగు నియమములు నల్లబల్లమీద వ్రాసి, ఇది సమూహమని చెప్పి సాగిపోవుదుము. ఏ చిక్కును విప్పుటకు ఆ మాట పుట్టినదో చెప్పకున్నచో, విద్యార్థికి అది తాళము లేని తాళపుచెవి.

మా వడ్రంగి వచ్చు పరీక్షలో ఆ పాఠమున్నది. మొన్న ఒక సాయంకాలము సెట్టులో మిగిలిన ప్లైవుడ్డు ముక్కనొకదానిని మూడు ప్రక్కలు సమానముగా కోసి తెచ్చినాడు. ముందు వెనుకల మూలలకు య, ర, ల అని వ్రాయించితిని. దాని అంచులు గీసిన కాగితముమీద, అదే గీతలో మరల కుదురునట్లు ఎన్ని విధములుగా పెట్టవచ్చునో లెక్కించుమంటిని. త్రిప్పుట మూడు, బోర్లించుట మూడు, మొత్తమారు అన్నాడు. "ఒకమారు త్రిప్పి, ఆపై నిలువుగీతకు బోర్లించుము. తరువాత మరల మొదటినుండి, ముందు బోర్లించి, ఆపై త్రిప్పుము" అంటిని. మొదటిసారి పై మూలకు ఒక అక్షరము వచ్చినది, రెండవసారి వేరొకటి వచ్చినది. చేయి పొరబడినదనుకొని మరల చేసినాడు. మరల అట్లే వచ్చినది.

"కూడికల ముందువెనుకలు లేవు గదా సార్? గుణకారంల గూడ లేవు."

"లేవు."

"మరి దీంట్ల ఉన్నయి."

అతడు ముక్కను మోకాలిమీద పెట్టుకొని, దీపము వెలుతురునకు జరిగి, ఆరు విధములను ఒకదాని వెంట ఒకటి చేయుచు ముప్పదియారు గడుల పట్టికను నింపుటకు మొదలుపెట్టినాడు.